ఉభయకుశలోపరి, రేపు మీ కోట తగలబెడతాను

మొన్న హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం కూర్చున్నాను. పక్కన పాతికేళ్ల అమ్మాయి, ఒళ్లో బ్యాగు, చేతిలో ఫోను. ఉన్నట్టుండి "చచ్చాడు!" అని పకపకా నవ్వింది. ఎవరు చచ్చారోనని తొంగిచూశాను. ఫోనులో ఒక పటం. వంకర తిరిగిన దీవులు, వాటి మీద చిన్న చిన్న కోటలు, జెండాలు. ఆ దీవులు నాకు మా తోట గట్ల కంటే బాగా తెలుసు.

"జపానా అమ్మా?" అన్నాను.

"అవునంకుల్, పాతకాలం జపాన్. ఒకళ్ల కోటలు ఒకళ్లు పట్టుకోవాలి. వీడెవడో నాకు తెలీదు, ఎక్కడుంటాడో కూడా తెలీదు. రెండేళ్లుగా రోజూ తిట్టుకుంటున్నాం. ఇవాళ వాడి కోట లేపేశాను."

"మేమూ ఆడేవాళ్లం. ఎనభైల్లో."

"అప్పుడు ఆన్‌లైన్ ఎక్కడిదంకుల్?"

"పోస్టు కార్డు మీద."

ఆ పిల్ల ఫోను ఒళ్లో పెట్టేసి నా వైపు తిరిగింది. ఉన్న పది నిమిషాల్లో చెప్పగలిగినంత చెప్పాను. ఈలోగా ఏలూరు బస్సు వచ్చింది. పరిగెత్తి మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి అడిగింది. "ఇంతకీ చివరికి ఎవరు గెలిచారంకుల్?"

"నేనే," అన్నాను.

బొటనవేలు పైకెత్తి చూపించి బస్సెక్కేసింది. ఆ ఒక్క మాట అన్నందుకే ఇప్పుడిదంతా రాయాల్సి వస్తోంది.

ఆయన పేరు రాయను. వాళ్ల కుటుంబం నూజివీడులో ఇంకా మామిడికాయల వ్యాపారం చేస్తూనే ఉంది. ఊళ్లో అందరూ ఆయన్ని షావుకారుగారు అనేవాళ్లు, నేనూ అంతే. ఆగిరిపల్లి దగ్గర మా ఊళ్లో ఉన్న మామిడితోటను మా నాన్నగారి కాలం నుంచీ ఆయనే గుత్తకు తీసుకునేవారు. పూత సమయంలో మాట అనుకుంటే, ఆ ఏడు కాయంతా ఆయనది. నాన్నగారు పోయి తోట నా చేతికి వచ్చేసరికి నాకు పాతికేళ్లు, ఆయనకు యాభై. అయినా నన్ను "అబ్బాయిగారూ" అనే పిలిచేవారు, "మీరు" అనే అనేవారు.

మనిషి పొట్టి. ఎప్పుడూ భుజం మీద తెల్ల తువ్వాలు, చెవి మీద నీలం పెన్సిలు. పెట్టెల మీద గుర్తులు రాయడానికి ఆ పెన్సిలు. కాయను ముక్కు దగ్గర పెట్టుకుని తొడిమ దగ్గర ఒక్కసారి వాసన చూసి, "ఇది మూడు రోజులు ఆగమంటోంది," అనేవారు, ఆ కాయే ఆయన చెవిలో చెప్పినట్టు. చదువు తక్కువే గాని చదివే పిచ్చి మాత్రం ఇంతా అంతా కాదు. పెట్టెల్లో కాయల మధ్య పరచడానికి పాత కాగితాలు మూటలు మూటలుగా వచ్చేవి. వాటిలో ఏదీ చదవకుండా పెట్టెలో వేయనిచ్చేవారు కాదు. కూలీలు గడ్డి పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు, ఈయన కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని కాగితం చదువుతూ ఉండేవారు. ఆర్నెల్ల కిందటి తుపాను వార్త చదివి, "అయ్యో, ఒరిస్సాలో పాపం చూశారా అబ్బాయిగారూ," అని నిజంగానే బాధపడేవారు. ఆయనకు ప్రపంచం ఎప్పుడూ ఆర్నెల్లు ఆలస్యంగా నడిచేది.

ఆ మూటల్లోంచే వచ్చింది ఆట. ఏదో ఇంగ్లీషు పత్రికలోని నాలుగు పేజీలు, మధ్యలో మడత పెట్టిన పెద్ద పటం. పాతకాలం జపాను, ప్రభువులు, కోటలు, ఒకళ్ల మీద ఒకళ్ల యుద్ధాలు. డిగ్రీ చదివినవాణ్ణి కదా అని నన్ను పిలిచి అర్థం చెప్పమన్నారు. ఎవరి పొలంలో వరి ఎంత పండితే వాళ్లకంత దండు అని అందులో ఉంది. అది వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"జపాను వాడూ మన ఉంగుటూరు వరి రైతేనన్నమాట! ఎకరానికి ఎన్ని బస్తాలో తేలితే గాని మీసం మెలేయడు."

తూర్పు దీవులు ఆయనవి, పడమటివి నావి. అసలు పటం ఆయన దగ్గర, పల్చటి కాగితం మీద దిద్దుకున్న నకలు నా దగ్గర. ఆయన దండు చింతపిక్కలు, నా దండు గురివింద గింజలు. నూజివీడులో ఆయన కొట్లో వారానికి రెండుసార్లు కలిసేవాళ్లం, కానీ అక్కడ ఆట మాట ఎత్తకూడదు. అది ఆయన పెట్టిన నియమం. "కొట్లో నేను వ్యాపారిని, మీరు రైతు. ఇక్కడ యుద్ధం మొదలుపెడితే కాయ కుళ్లిపోతుందండీ." ఎత్తు వేయాలంటే పోస్టు కార్డే.

ఒక చిక్కు వచ్చింది. యుద్ధంలో గెలుపెవరిదో తేల్చే పద్ధతి రాసిన పేజీ మూటలో లేదు, ఏ ఊరి పెట్టెలో ఏ కాయ కిందికి పోయిందో. పాచికలు వేద్దామంటే ఎవరి పాచిక వాళ్లింట్లో పడుతుంది. పదిహేను రోజులు తల గోక్కుని ఆయనే ఒక దారి కనిపెట్టారు. దాడి కార్డు అవతలి ఊరు చేరాక అక్కడి పోస్టాఫీసులో ముద్ర వేస్తారు కదా, ఆ ముద్రలో తేదీ చూడాలి. బేసి అయితే దాడి చేసినవాడిది గెలుపు, సరి అయితే కాచుకున్నవాడిది. కార్డు ఒక్కోసారి మర్నాడే చేరేది, ఒక్కోసారి నాలుగు రోజులు పట్టేది. కాబట్టి పంపేవాడి చేతిలో ఏమీ లేదు. అందుకున్నవాడు ముద్ర చూసి ఏం చెబితే అదే తీర్పు.

"మరి అందుకున్నవాడు అబద్ధమాడితేనో?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. "ఆడితే ఇంక ఆటెందుకండీ?"

మొదటి కార్డు వచ్చిన రోజు మా ఊరి పోస్టుమాస్టరు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది? పోలీసులకి చెప్పమంటారా?" కార్డు నా చేతిలో పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"మహారాజశ్రీ అబ్బాయిగారికి, ఉభయకుశలోపరి. రేపు మూడు వేల మందితో వచ్చి మీ ఉత్తరపు కోట తగలబెడతాను. ముందుగా తెలియజేయడం మర్యాద గనక రాశాను. మీ అమ్మగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు."

నవ్వి నవ్వి నాకు పొట్ట చెక్కలైంది. పోస్టుమాస్టరుకు అర్థమయ్యేలా చెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఆ తర్వాత అతనికే మాకంటే ఎక్కువ ఆసక్తి పట్టుకుంది. కార్డు చదువుకుని గాని ఇచ్చేవాడు కాదు. ఊళ్లో నేను కనిపిస్తే చాలు, "దక్షిణం వైపు కాపలా తక్కువగా ఉందండీ," అని గుసగుసగా సలహాలు చెప్పేవాడు.

నాలుగేళ్లు ఆడాం. ఆయన ఎంత ఘోరమైన యుద్ధం ప్రకటించినా ముందు ఉభయకుశలోపరి, చివర మా అమ్మ మోకాలి నొప్పి గురించి ఒక ప్రశ్న ఉండి తీరాల్సిందే. నేనేమో కుర్రకారు, మర్యాదలు లేవు. "మీ చింతపిక్కలు పులుసులోకి పంపండి" అని రాసేవాణ్ణి. దానికి ఆయన జవాబు: "పంపుతాను. మీ గురివింద గింజలు కంసాలి తూకానికే పనికొస్తాయి, యుద్ధానికి కాదు. అమ్మగారి మోకాలికి ఆముదం వెచ్చచేసి రాయండి."

ఒక కార్డు మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. నేను ఆయన ఉత్తరపు కోట మీద దాడికి వెళ్లాను. ఆయన రాశారు: "మీ కార్డు అందింది. ముద్ర మసగ్గా పడింది. ఆరో, అయిదో తెలియలేదు. ఆరు అయితే కోట నాకు మిగులుతుంది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. మా అమ్మాయి చేత కూడా చూపించాను. అయిదే. కోట మీది. సంతోషించండి, త్వరలోనే తిరిగి తీసుకుంటాను."

మసగ్గా పడిన ముద్ర. ఆరు అని రాస్తే అడిగే నాథుడు లేడు. ఆ కార్డు చూపించి నా భార్యతో, "చూశావా, షావుకారుగారు వట్టి అమాయకుడు," అన్నాను. అమాయకుడు అన్నాను!

మూడో ఏడు, నా పక్షం బలంగా ఉన్న రోజుల్లో, నేనే పందెం పెట్టాను. ఓడినవాడు కాయల కాలంలో షావుకారుగారి కొట్టు ముందు అందరూ చూస్తుండగా భుజం మీది తువ్వాలు తీసి, వంగి, "ప్రభూ" అనాలి. ఆయన ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఏమైందో నా దండు కరుగుతూ వచ్చింది. నాలుగో ఏటికి నాకు మిగిలింది క్యోటో ఒక్కటి. అది నా రాజధాని. అది పోతే ఆట అయిపోయినట్టే.

తోట నిండా పూత ఉన్న రోజులు. గట్టు మీద కూర్చుని ఉంటే పోస్టుమాస్టరు కార్డు ఇచ్చి, పని ఉందని ఆగకుండా వెళ్లిపోయాడు. "ఉభయకుశలోపరి. క్యోటో మీదికి నా దండంతా వస్తోంది. మీరు తప్పుకోవడానికి దారి ఉంచలేదు, క్షమించగలరు. అమ్మగారి మోకాలు ఎలా ఉంది?"

కార్డు తిప్పి ముద్ర చూశాను. నాలుగేళ్లలో అంత స్పష్టంగా పడిన ముద్ర ఇంకొకటి లేదు. పదమూడు.

కొట్టు ముందు నిలబడ్డ నన్ను నేను చూసుకున్నాను. చుట్టూ హమాలీలు, లారీ డ్రైవర్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, మా బావమరుదులు. మా నాన్న కాయ అమ్ముకునేవాడే గాని ఎవరి ముందూ వంగినవాడు కాదు. నేను వంగి, తువ్వాలు చేత్తో పట్టుకుని... ఆటలో పందెమే, నేను పెట్టిందే. అయినా ఒళ్లు మండిపోయింది. ఇంటికి వెళ్లి కార్డు తీసి రాశాను. "పద్నాలుగు. సరి. మీ దండు మొత్తం మా కోట గోడ కింద పడి ఉంది. తువ్వాలు ఉతికించి పెట్టుకోండి."

రాశాక మనసు మారుతుందేమోనని భయమేసింది. మారకముందే వెళ్లి, ఆ మధ్యాహ్నం టపాలోనే వేసేశాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "కోట మీది. ఆట మీది. మాట ప్రకారం కాయల కాలంలో చేస్తాను." అంతే. ఉభయకుశలోపరి లేదు. అమ్మ మోకాలు లేదు. ముసలాయనకు ఓటమి మింగుడుపడలేదు అనుకున్నాను. కొంచెం సరదాగా కూడా అనిపించింది.

కాయల కాలం వచ్చింది. రసాలు కోతకొచ్చాయి. నేను ఉన్న ఒకే ఒక సిల్కు చొక్కా వేసుకుని, ఊళ్లో నలుగురిని వెంటేసుకుని వెళ్లాను. కొట్టు ముందు రెండు లారీలు, గంపలు, గడ్డి, ఇంత జనం. ఆయన లోపల్నించి వచ్చారు. ముందు కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. తర్వాత తువ్వాలు తీశారు. వంగారు. "ప్రభూ," అన్నారు, గట్టిగా, అందరికీ వినబడేలా.

జనం ఈలలు వేశారు. నేను చెయ్యెత్తి ఆశీర్వదించాను. అవును, అది కూడా చేశాను.

ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, "ఆ పెట్టెలో గడ్డి చాల్లేదురా," అని కూలీని కేకేస్తూ లోపలికి వెళ్లిపోయారు.

నెల తర్వాత కొత్త ఆట మొదలుపెడదామని కార్డు రాశాను. "వయసైపోయిందండీ, దండు నడపలేను," అని జవాబు. ఇంకో కార్డు, బతిమాలుతూ. దానికి జవాబే లేదు. పోస్టుమాస్టరు నెలల తరబడి, "యుద్ధాలేమీ లేవాండీ?" అని దిగులుగా అడుగుతూ ఉండేవాడు. గెలిచాక ఇంత బోసిగా ఉంటుందని నాకు తెలియదు.

మరుసటి ఏడు పూత వచ్చింది. అంతకుముందు ఏ ఏడూ ఆయన పూత చూడ్డానికి తోటకు వచ్చింది లేదు. మిగతా తోటలన్నీ చెట్టు చెట్టూ చూసేవారు గాని, మాది మాత్రం నా నోటిమాట మీదే. పూత ఎలా ఉంది, ఎన్ని చెట్లకు నిలిచింది, తేనెమంచు పురుగు ఏమైనా పట్టిందా అని కొట్లోనే అడిగేవారు. నేను చెబితే, "మీరు చూశారుగా, చాలు," అని అక్కడికక్కడే మాట ఖాయం చేసేవారు. పక్క రైతులు ఈ మర్యాద చూసి కుళ్లుకునేవాళ్లు.

ఆ ఏడు బస్సు దిగి, గొడుగు వేసుకుని, మట్టిదారిన నడిచి వచ్చారు. ఒక్కో చెట్టు కింద ఆగారు. కొమ్మ వంచి చూశారు. తోట ఆ చివర్నించి ఈ చివరిదాకా రెండు గంటలు పట్టింది. నేను వెనకే నడుస్తున్నాను.

"ఎందుకండీ శ్రమ, నేను చెబుతాను కదా," అన్నాను.

"కళ్లజోడు కొత్తదండీ," అన్నారు ఆయన కొమ్మ వదలకుండానే. "ఎలా కనిపిస్తోందో చూసుకుందామని."

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ క్షణంలో నిజం నోటిదాకా వచ్చింది. షావుకారుగారూ, ఆ రోజు పదమూడండీ, అనేస్తే సరిపోయేది. ఆయనకు తెలుసేమోనన్న అనుమానం ఒక్క నిమిషం కలిగింది కూడా. తెలిసే అవకాశమే లేదు, ఆ కార్డు నా బీరువాలో ఉంది, ముద్ర కొట్టిన పోస్టుమాస్టరుకు కూడా ఆ తేదీ గుర్తుండి ఉండదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మజ్జిగ తెప్పించాను. తాగి, మా అమ్మకు నమస్కారం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. గుత్త మాత్రం మానలేదు. ఆ తర్వాత రెండేళ్లూ అలాగే వచ్చి, చెట్టు చెట్టూ చూసుకుని వెళ్లారు.

మూడో ఏడు పూతకు రాలేదు. ఆ ముందు వానాకాలంలోనే పోయారు. కొట్లో కూర్చుని పాత కాగితం చదువుతూ పక్కకు ఒరిగిపోయారట.

పదో రోజున వెళ్లాను. వాళ్ల అమ్మాయి లోపల్నించి ఒక మామిడి పెట్టె తెప్పించి నా ముందు పెట్టింది. "ఇది మీకివ్వమని నాన్న ఎప్పుడో చెప్పారండీ," అంది. మేకులు కొట్టి ఉంది. ఇంటికి తెచ్చి ఊడదీశాను. ఎండుగడ్డి పరిచి, దూరప్రయాణానికి రసాలు సర్దినట్టు సర్ది ఉన్నాయి నాలుగేళ్ల నా కార్డులు. కింద జపాను పటం, ఒక చిన్న సంచిలో చింతపిక్కలు.

నేను దాడి చేసిన కార్డులన్నిటి మీదా ఒక మూల నీలం పెన్సిలుతో అంకె ఉంది, నూజివీడు ముద్రలోని తేదీ. మసక ముద్ర కార్డు మీద అయిదు అని రాసి, పక్కన "అమ్మాయి కూడా చూసింది" అని రాసుకున్నారు. నా జవాబు కార్డుల మీద ఏమీ రాయలేదు. వాటికి తేదీతో పనిలేదు కదా. వరసగా తిప్పుతూ చివరిదాకా వచ్చాను. ఆటలో చివరి కార్డు కూడా జవాబే. దాని మూల మాత్రం నీలం పెన్సిలు అంకె ఉంది. 13.

ఏంటా అని తిప్పి చూశాను. మా ఊళ్లో టపాలో వేసినప్పుడు కొట్టిన ముద్ర, చక్కగా, నల్లగా. పదమూడు. ఇవతలి పక్క నా దస్తూరీ: పద్నాలుగు, సరి.

నాలుగేళ్లు ముద్రలే పాచికలుగా ఆడినవాణ్ణి. ఆయన కార్డు మీద ముద్ర చూసుకున్నాను గాని, నా కార్డు మీదా ముద్ర పడుతుందని తట్టలేదు. పద్నాలుగున అందిన కార్డుకు పదమూడునే జవాబు రాసి పంపిన మొనగాణ్ణి నేను. ఆయన అది అందుకున్న రోజే చూసి ఉంటారు. మసగ్గా ఉంటే కళ్లజోడు తుడుచుకుని చూసే మనిషికి అంత స్పష్టమైన ముద్ర కనబడకుండా ఉంటుందా? చూశారు. మూల అంకె వేసుకున్నారు. కింద గీత గీయలేదు, ఒక్క మాట రాయలేదు. కాయల కాలం దాకా ఆగి, అంతమంది ముందు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, నాకు దండం పెట్టారు.

ఆ రోజు గడ్డి మధ్య కూర్చుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో నా భార్యకు చెప్పలేదు, ఆయన కోసమే అనుకుంది. నాకోసం ఏడ్చాను. ఆయన నన్ను నిలదీసి ఉంటే, కొట్లో నలుగురి ముందు కార్డు చూపించి గాలి తీసేసి ఉంటే, తిట్టుకుని ఎన్నడో మరిచిపోయేవాణ్ణి. ఆయన అలా చేయలేదు. నా మాట నమ్మడం మానేశారు, అంతే. రెండు గంటలు ఎండలో నడిచి, చెట్టు చెట్టూ తన కళ్లతో చూసుకున్నారు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్లుగా ఎవరైనా ఆ పందెం కథ ఎత్తితే, నవ్వి, గెలిచినవాడిలాగే కూర్చుంటాను. మొన్న అడిగింది ముక్కూ మొహం తెలియని పిల్ల, అబద్ధమాడితే నాకు వచ్చేదేమీ లేదు, నిజం చెబితే పోయేదేమీ లేదు. అయినా నోట్లోంచి అదే మాట వచ్చింది.

ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు. ఇది ఆమె కంట పడుతుందన్న ఆశ లేదు, అయినా రాస్తున్నాను. అమ్మా, నువ్వడిగిన దానికి తప్పు చెప్పాను. ఆ రోజు తేదీ పదమూడు. కోట ఆయనదే.